తాతగారి ట్రంకు పెట్టెలో మిలిటరీ పతకాలు: ముందు అంచు చదవండి

మీ ప్రశ్న చదివాను, మీరు పెట్టిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. తాతగారి ఇనప ట్రంకులో పాత పంచె మడతల మధ్య రెండు నక్షత్రాలు, మూడు గుండ్రటి పతకాలు, కిరీటం ఉన్న ఇత్తడి బ్యాడ్జి ఒకటి దొరికాయి. ఆయన బర్మాలో పోరాడారని, ధైర్యానికి మెచ్చి రాజుగారు పతకం ఇచ్చారని ఇంట్లో చెప్పుకునేవారు. ఊళ్లో వెండి కొట్టాయన అన్నీ కలిపి రెండు వేలు ఇస్తానన్నాడు. ఇవి అసలువేనా, తోమించి ఫ్రేము కట్టించవచ్చా, అమ్మడం మంచిదా, తాతగారు ఏ పటాలంలో పనిచేశారో ఇప్పుడు తెలుసుకునే దారి ఉందా అన్నవి మీ సందేహాలు. అన్నిటికీ చెబుతాను. అయితే ఈ రాత్రికి రెండే జాగ్రత్తలు: వాటిని తోమకండి, ఒకదాని నుంచి ఒకటి విడదీయకండి.

తోమడం సంగతి ముందు ఎందుకు ఎత్తానంటే, జరిగాక దిద్దుకోలేని నష్టం అదొక్కటే. మన ఇళ్లలో ఇత్తడి అంటే చింతపండు, వెండి అంటే విభూతి. దేవుడి గదిలో సామానుకు అవి సరిపోతాయి. పతకం మీద చింతపండు పులుసు పడితే ఏళ్ల తరబడి ఏర్పడిన ముదురు రంగు పొర ఒక్క పూటలో పోయి పచ్చి లోహం బయటపడుతుంది. విభూతి, పాలిష్ పొడులు సన్నటి గరుకు పదార్థాలు. నాలుగు పండుగలకు నాలుగుసార్లు రుద్దితే రాజు బొమ్మ మీద జుట్టు, చెవి అరిగి నున్నబడతాయి. అంతకన్నా విలువైనది అంచు మీద ఉంటుంది. అక్కడ చెక్కిన అక్షరాల లోతు వెంట్రుక మందం కన్నా పెద్ద ఎక్కువేమీ కాదు. అవి అరిగాయంటే ఆ పతకం ఎవరిదో చెప్పే సాక్ష్యం పోయినట్టే. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవండి, చాలు. నక్షత్రాల మూలల్లో పచ్చటి చిలుము పొడిలా రాలుతుంటే పళ్లపుల్లతో నెమ్మదిగా తీయవచ్చు. రిబ్బన్లకు నీళ్లు తగలనివ్వకండి, ఎరుపు రంగు కారి పక్క చారలోకి పాకుతుంది.

ఇక గుర్తింపు. ఆరు మొనల నక్షత్రాలు రెండూ రెండో ప్రపంచ యుద్ధానివి. ఆ యుద్ధానికి ఇచ్చిన నక్షత్రాలన్నీ ఆకారంలో ఒకేలా ఉంటాయి. మధ్యలో ఆరో జార్జి రాజు పేరు పొడి అక్షరాలు, వాటి చుట్టూ ఒక వలయం, వలయం పైభాగంలో కిరీటం. ఏ నక్షత్రమో చెప్పేది ఆ వలయం మీది అక్షరాలూ, రిబ్బన్ రంగులూ. మీ మొదటి నక్షత్రం రిబ్బన్‌లో ముదురు నీలం, ఎరుపు, లేత నీలం మూడు సమానమైన చారలు కనబడుతున్నాయి. నౌకాదళం, భూసైన్యం, వైమానిక దళం అని వాటి అర్థం. అది 1939-45 స్టార్. సైన్యంలో సాధారణంగా ఆరు నెలలపాటు యుద్ధరంగంలో పనిచేసినవారికి ఇచ్చారు.

రెండోదాని రిబ్బన్ వెలిసిపోయింది కాని, నడుమ వెడల్పాటి ఎర్ర చార, రెండు పక్కలా నీలం, ఒక్కో నీలం నడుమ సన్నటి నారింజ గీత ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. వలయం మీద అక్షరాలు కూడా సరిపోయాయి. అది బర్మా స్టార్. ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. బర్మా స్టార్ ఉన్నంత మాత్రాన ఆ మనిషి బర్మా గడ్డ మీద అడుగుపెట్టాడని చెప్పలేం. 1942 మే తర్వాత బెంగాల్, అస్సాం ప్రాంతాల్లో పనిచేసినవారికి కూడా ఈ నక్షత్రం దక్కింది. 1944లో ఇంఫాల్, కోహిమా దగ్గర జరిగిన భీకర యుద్ధాలు భారత భూభాగంలోనే జరిగాయి కదా. కాబట్టి తాతగారు బర్మాలో ఉన్నారన్న ఇంటి మాట నిజమే అయివుండవచ్చు, లేదా అస్సాం కొండల్లో రోడ్లు వేస్తూ, లారీలు నడుపుతూ అదే యుద్ధంలో పాలుపంచుకుని ఉండవచ్చు. దాన్ని తేల్చేవి కాగితాలు.

గుండ్రటివాటిలో మొదటిది చూడండి. వెనుకవైపు రెండు తలల డ్రాగన్‌ను కాళ్లకింద తొక్కి నిలబడ్డ సింహం ఉంది. ఇది 1939-45 వార్ మెడల్. 28 రోజులు పనిచేసిన పూర్తికాలపు సైనికులందరికీ ఇచ్చినది. వెండిలా మెరుస్తున్నా వెండి కాదు, రాగీ నికెలూ కలిసిన లోహం. కెనడా ప్రభుత్వం ఇచ్చిన వార్ మెడళ్లు మాత్రం వెండివి. మీ కొట్టాయనకు ఆ సంగతి తెలిసే ఉంటుంది, ఆయన ఇవ్వజూపిన రెండు వేలు లోహానికి ఇస్తున్న ధర కాదు.

ఈ వార్ మెడల్ రిబ్బన్ మీద ఒక పని చేయండి. నడిమధ్యలో చిన్న కంచు ఆకు కాని, ఆకు ఊడిపోయిన గుర్తుగా రెండు సూది రంధ్రాలు కాని, ఆకు ఆకారంలో చుట్టుపక్కల కన్నా ముదురుగా మిగిలిన మచ్చ కాని ఉందేమో భూతద్దంతో చూడండి. ఓక్ చెట్టు ఆకు అది. సేనాని పంపిన నివేదికలో పేరు ప్రస్తావనకు వచ్చినవారు ఆ ఆకును ఈ రిబ్బన్ మీదే ధరించేవారు. ఎందుకు చెబుతున్నానంటే, మీ ఇంట్లో చెప్పుకునే ధైర్యం మాటకు మీ పతకాల్లో ఆధారం దొరికే చోటు అదొక్కటే. ఈ అయిదూ యుద్ధంలో పాల్గొన్నందుకూ, సర్వీసుకూ ఇచ్చినవి. శౌర్యానికి ఇచ్చినవి వేరు: ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్, ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్, మిలిటరీ మెడల్ వంటివి. అవి పెట్టెలో లేవు. పతకం మీద రాజు బొమ్మ ఉంది కాబట్టి రాజుగారే ఇచ్చారని పిల్లలకు చెప్పడం, అది తరం మారేసరికి ధైర్యానికి ఇచ్చారని మారడం చాలా కుటుంబాల్లో చూశాను. ఇందులో తాతగారిని తక్కువ చేసేదేమీ లేదు. ఏళ్ల తరబడి ఇల్లు వదిలి, మలేరియా అడవుల్లో పనిచేసి తిరిగొచ్చిన మనిషికి మరో కథ తగిలించనక్కర్లేదు.

నాలుగో పతకం నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. వెనుక అవిభక్త భారతదేశ పటం ఉబ్బెత్తుగా ఉంటుంది, ఇండియా అన్న అక్షరాలు, 1939-45 అన్న అంకెలు ఉంటాయి. ఇది ఇండియా సర్వీస్ మెడల్. 1946లో నెలకొల్పారు. భారత సైన్యంవారికి, యుద్ధరంగం కాని చోట, ఇండియాలో మూడేళ్ల సర్వీసు ఉంటే ఇచ్చారు. మామూలుగా దీన్ని ఎవరూ పట్టించుకోరు. కాని నక్షత్రాల పక్కన పెట్టి చూస్తే ఇది మాట్లాడడం మొదలుపెడుతుంది. లెక్క వేయండి. ఈ పతకానికి మూడేళ్లు, 1939-45 స్టార్‌కు విడిగా ఆరు నెలలు. రెండూ 1945 సెప్టెంబరు 2లోపు పూర్తికావాలి. అంటే తాతగారు 1942 మార్చి ప్రాంతానికే సైన్యంలో చేరి ఉండాలి, ఇంకా ముందు కూడా కావచ్చు. గాయపడితే ఆరు నెలల నిబంధన సడలించేవారు కాబట్టి ఒకటి రెండు నెలలు అటూ ఇటూ కావచ్చు. ఏ కాగితమూ లేకుండా, రెండు పతకాలను పక్కపక్కన పెట్టి ఒక మనిషి సైన్యంలో చేరిన సంవత్సరాన్ని ఇంత దగ్గరగా చెప్పగలుగుతున్నాం. అందుకే విడదీయకండి అన్నాను. నక్షత్రం ఒకచోటికి, పటం పతకం మరొకచోటికి పోతే ఈ లెక్క ఇక ఎవరూ వేయలేరు.

అయిదోది కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రిబ్బన్ ఉన్నది. ఇండియన్ ఇండిపెండెన్స్ మెడల్, 1947. ఒకవైపు మూడు సింహాల స్తంభం, 15 ఆగస్టు 1947 అన్న తేదీ. తిప్పి చూస్తే మరోవైపు అశోక చక్రం, దానిపైన బ్రిటిష్ కిరీటం, చుట్టూ ఆరో జార్జి పేరు. మన ధర్మచక్రం మీద పరాయి కిరీటం ఏమిటని మీరు అడిగారు. 1950 జనవరి 26 దాకా మనది డొమినియన్, లాంఛనంగా రాజు ఉన్నాడు. ఆ రెండున్నరేళ్ల సంధికాలం ఇంత సూటిగా అచ్చుపడ్డ వస్తువు మరొకటి నాకు తెలియదు. దీన్ని 1947 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి ఇచ్చారు. కాబట్టి యుద్ధం ముగియగానే లక్షలమందిని ఇళ్లకు పంపేసినప్పుడు మీ తాతగారు వెళ్లలేదు. కనీసం 1947 ఆగస్టు దాకా ఉన్నారు. అంటే అయిదేళ్లు దాటిన సర్వీసు.

ఇప్పుడు అసలు పని, అంచు చదవడం. మధ్యాహ్నపు వెలుగులో చూస్తే ఏమీ కనబడలేదని మీరు రాశారు. కనబడదు. చీకటి గదిలో నల్లటి గుడ్డ మీద పతకాన్ని నిలబెట్టి, ఫోను టార్చిని అంచుకు దాదాపు ఆనించినట్టుగా పక్కనుంచి వేయండి. పైనుంచి వేస్తే అక్షరాల గుంటల్లోకి కూడా వెలుగు పడి అంతా ఒకేలా మెరుస్తుంది. పక్కనుంచి వేస్తే ప్రతి గుంటలోనూ సన్నటి నీడ పడుతుంది. ఆ నీడే అక్షరం. పతకాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ రెండు మూడు అక్షరాల చొప్పున ఫోటోలు తీసి, తర్వాత వరుసగా పేర్చుకోండి. గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే పదిరెట్ల భూతద్దం ఉంటే ఇంకా మంచిది. నక్షత్రాలకు అంచు ఉండదు కాబట్టి వెనుక నున్నటి భాగంలో వెతకండి. బ్రిటన్ తన సైనికులకు రెండో ప్రపంచ యుద్ధపు పతకాలను పేరు వేయకుండా ఇచ్చింది. భారత సైనికులకు ఇచ్చినవాటిలో పేర్లున్నవి చాలా కనబడతాయి. ఒకవేళ లేకపోయినా కంగారుపడకండి, పేరు లేకపోవడం నకిలీకి రుజువు కాదు.

అక్షరాలు వరుసగా నాలుగు ముక్కలుగా ఉంటాయి: నంబరు, హోదా, పేరు, దళం. హోదా పొడి అక్షరాల్లో ఉంటుంది. ఎస్‌ఈపీ అంటే సిపాయి, ఎన్‌కే నాయక్, హెచ్‌ఏవీ హవల్దార్, ఎస్‌పీఆర్ సాపర్ (ఇంజనీరు దళపు సిపాయి), డీవీఆర్ డ్రైవర్, జేఈఎం జమేదార్. ఈ జమేదార్ హోదా పేరును మన సైన్యం 1965లో నాయబ్ సుబేదార్‌గా మార్చింది, కాబట్టి అంచు మీద జమేదార్ అని ఉంటే ఆ పతకం అంతకుముందుదని ఇట్టే చెప్పవచ్చు. దళాల విషయానికొస్తే ఐఈ అంటే ఇండియన్ ఇంజనీర్స్, ఐపీసీ అంటే రోడ్లు, నిర్మాణ పనులు చూసిన ఇండియన్ పయనీర్ కోర్, ఆర్ఐఏఎస్‌సీ అంటే సైన్యానికి బియ్యం, పెట్రోలు, వాహనాలు అందించిన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, ఐఏఎంసీ వైద్య విభాగం. కుక్, భిస్తీ (నీళ్లు మోసేవాడు), ఫాలోయర్ (దళం వెంట ఉండి పనులు చేసేవాడు) అని ఉంటే కొందరు చిన్నబుచ్చుకుంటారు, ఆ పతకాన్ని చూపించడానికి ఇష్టపడరు. దయచేసి అలా చేయకండి. నీళ్లు మోసినవాడి మీద కూడా అవే బాంబులు పడ్డాయి.

పేరు దగ్గర తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. చాలాసార్లు ఇంటిపేరు ఉండదు. ఉన్న పేరు కూడా గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా పడుతుంది. వెంకటస్వామి వెంకటసామి అవుతాడు, అప్పలస్వామి చివర రెండక్షరాలు పోగొట్టుకుంటాడు, నాయుడు, రెడ్డి ఒకచోట ఉండి మరొకచోట ఉండవు. అందుకని పేరు సరిగ్గా కలవలేదని ఇది మా తాతది కాదేమో అనుకోకండి. నంబరును పట్టుకోండి. అయిదింటిలో ఏ రెండింటి మీదైనా ఒకే నంబరు ఉంటే ఆ పెట్టె మొత్తం ఒకే మనిషిది అనడానికి అది గట్టి ఆధారం.

అసలువా నకిలీవా అన్నదానికి వస్తే, ఇంటి ట్రంకులో దొరికినవాటి విషయంలో నాకు పెద్దగా అనుమానం ఉండదు. బజారులో కొనేటప్పుడు మాత్రం చూసి తీరాలి. అసలు పతకం ఉక్కు అచ్చుతో బలంగా కొట్టినది. అక్షరాల అంచులు కోసుగా, నేపథ్యం నునుపుగా ఉంటాయి. అసలుదాన్ని మూసగా పెట్టి పోతపోసిన నకిలీలో అక్షరాలు మెత్తబడి, గుంటల్లో సూదిమొనంత బుడగలు, అంచు చుట్టూ ఆకురాయితో రుద్దిన గీతలు కనబడతాయి. ఇంకో మోసం సూక్ష్మమైనది. పతకం అసలుదే, పేరు మాత్రం అరగదీసి మరో పేరు, సాధారణంగా ఏదైనా పేరున్న యుద్ధంలో పాల్గొన్న దళం పేరుతో సహా చెక్కుతారు. దీన్ని పట్టుకోవడానికి వెర్నియర్ కాలిపర్స్ చాలు. ఈ గుండ్రటి పతకాల వ్యాసం 36 మిల్లీమీటర్లు. నాలుగైదు దిక్కుల్లో కొలవండి. ఒకచోట తగ్గితే అక్కడ ఆకురాయి పనిచేసింది. రిబ్బన్‌కు మరో పరీక్ష ఉంది, కొట్లలో దొంగనోట్లు చూసే అతినీలలోహిత దీపం. కొత్త కృత్రిమ దారం దాని కింద తెల్లగా నీలంగా వెలుగుతుంది, పాత నూలు వెలగదు. కాని సబ్బుపొడితో ఉతికిన పాత రిబ్బన్ కూడా వెలుగుతుంది, పైగా రిబ్బన్ చిరిగితే కొత్తది వేసుకోవడం సైనికులకు మామూలే. కాబట్టి రిబ్బన్ ఒక్కదాన్ని బట్టి పతకాన్ని తోసిపుచ్చవద్దు.

మీ బ్యాడ్జి సంగతి. దాని మీది దళం పేరు అరిగిపోయి ఫోటోలో తెలియడం లేదు, అయినా కిరీటం చాలా చెబుతోంది. కమానులు రెండూ పైకి గుండ్రంగా ఉబ్బి గోపురంలా ఉన్నాయి. ఇది 1902 నుంచి రాజులున్న కాలమంతా వాడిన ఆకారం. రాణి ఎలిజబెత్ వచ్చాక బ్రిటన్‌లో కమాను నడుమ నొక్కుకుపోయినట్టుండే కిరీటం వచ్చింది, కాని అప్పటికే మనం గణతంత్రమై కిరీటం స్థానంలో అశోక సింహాలను పెట్టుకున్నాం. భుజం మీది నక్షత్రాలు కూడా అప్పుడే మారాయి. కాబట్టి మీ బ్యాడ్జి 1950కి ముందుది. వెనుక ఉన్న రెండు కొక్కేలు గుడ్డకు రంధ్రం చేసి లోపల పిన్ను దూర్చడానికి. బ్యాడ్జి వంపు తిరిగి ఉంటే భుజానిదో టోపీదో అయివుండాలి. ట్రంకు అడుగున గుడ్డముక్కలు ఏవైనా ఉన్నాయేమో కూడా చూడండి. ఇత్తడి కన్నా అవి ఎక్కువ చెబుతాయి. నల్లపిల్లి ఉంటే 17వ భారత డివిజన్, నల్లటి గుడ్డ మీద ఎర్రటి నిప్పుబంతి ఉంటే 5వ డివిజన్, బాకు ఉంటే 19వ డివిజన్, పసుపు మీద ఎర్ర పుంజు ఉంటే 23వ డివిజన్. ఇవన్నీ బర్మా సరిహద్దులో పోరాడినవే. ఎర్ర గద్ద ఉన్న 4వ డివిజన్ ఆఫ్రికా, ఇటలీ వైపు పోయింది. అటువంటి ముక్క మీ పెట్టెలో దొరికితే అది వేరెవరిదో అయివుండాలి.

తెలుగువాడు ఏ దళంలో ఉండి ఉంటాడు? ఒకప్పుడు మద్రాసు సైన్యంలో మనవాళ్ల సంఖ్య పెద్దది. తర్వాత కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయన్న బ్రిటిష్ వారి సిద్ధాంతం దక్షిణాది పటాలాలను ఒక్కొక్కటిగా ఊడ్చేసింది. 1928 నాటికి మద్రాసు రెజిమెంటు పదాతి దళాలు రద్దయ్యాయి, తర్వాత అయిదేళ్లలో మద్రాసు పయనీర్లు పోయారు. మిగిలింది బెంగళూరులోని మద్రాసు సాపర్స్. రెండో యుద్ధంలో మనుషులు కావలసి వచ్చాక ఆ సిద్ధాంతం చెప్పినవాళ్లే మళ్లీ మద్రాసు రెజిమెంటును లేపారు. అందువల్ల 1942 నాటికి చేరిన కోస్తా మనిషి అంటే నేను ముందుగా సాపర్స్, సర్వీస్ కోర్, పయనీర్ కోర్, సిగ్నల్స్, వైద్య విభాగం వైపు చూస్తాను. మీ ఊరు తాడేపల్లిగూడెం దగ్గర అన్నారు. పక్కనే మిలిటరీ మాధవరం ఉంది, రెండు ప్రపంచ యుద్ధాలకూ ఇంటింటి నుంచీ మనుషుల్ని పంపిన ఊరు. అక్కడి పెద్దలను కలవండి. ఒకే భర్తీ బృందంలో పక్కూళ్ల కుర్రాళ్లు కలిసి వెళ్లడం మామూలు, వాళ్ల కాగితాల్లో ఉన్న దళమే మీ తాతగారిదీ అయ్యే అవకాశం ఉంది.

ఇది చదివే తెలంగాణ మిత్రులకు ఒక్క మాట. అంచు మీద హైదరాబాద్ అని కనబడగానే నిజాం సైన్యం అనుకోకండి. 19వ హైదరాబాద్ రెజిమెంటు బ్రిటిష్ ఇండియా సైన్యంలో భాగం, అప్పటికి అందులో ఎక్కువమంది ఉత్తరాది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంటు అయింది. నిజాం సంస్థానపు దళాలు వేరు. ఉదాహరణకు 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో జపాన్ దాడి మొదలైనప్పుడు మలయాలోని కోట భారు విమానాశ్రయం దగ్గర ఉంది. అలాంటి కుటుంబాల్లో బర్మా స్టార్‌కు బదులు పసిఫిక్ స్టార్ దొరకవచ్చు.

మొదటి ప్రపంచ యుద్ధపు పతకాలు ఎవరింట్లోనైనా ఉంటే అవి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆనాటి బ్రిటిష్ వార్ మెడల్ నిజమైన వెండిది. అదే దానికి శాపమైంది. 1980లో వెండి ధర ఆకాశానికి లేచినప్పుడు లెక్కలేనన్ని కరిగిపోయాయి. అదే పతకం కంచులో ఉంటే చవకరకమని పారేయకండి. లేబర్ కోర్‌లో, ఫాలోయర్లుగా వెళ్లినవారికి కంచువి ఇచ్చారు. అవి తక్కువ తయారయ్యాయి, ఇప్పుడు సేకరించేవాళ్లు వెండివాటికన్నా వాటినే ఎక్కువ కోరుకుంటారు.

ఫ్రేము కట్టించండి, తప్పులేదు. కాని పతకాలను జిగురుతో అతికించవద్దు, దారంతో కట్టించండి. ఎండ పడని గోడ చూసుకోండి. ప్లాస్టిక్ కవర్లలో కొన్ని రకాలు ఏళ్లు గడిచేకొద్దీ జిడ్డు కక్కి లోహాన్ని పచ్చగా మారుస్తాయి కాబట్టి విడిగా దాచదలిస్తే తెల్లటి నూలుగుడ్డలో చుట్టి, తేమ పీల్చే సిలికా పొట్లంతో పెట్టెలో ఉంచండి. గోదావరి జిల్లాల తేమకు ఆ పొట్లాన్ని అప్పుడప్పుడూ మార్చాలి. ఫ్రేము కట్టించేముందు ప్రతి పతకాన్నీ రెండు వైపులా, అంచు చుట్టూ ఫోటోలు తీసి పెట్టుకోండి. అద్దం వెనక్కి వెళ్లాక అంచు చూడాలంటే మళ్లీ ఊడదీయాల్సిందే.

అమ్మడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అమ్మకండి. డబ్బు నిజంగా అవసరమైతే వేరే మాట, అప్పుడైనా అయిదూ, బ్యాడ్జీ, కాగితాలూ కలిపి, సేకరించేవారికి ఇవ్వండి, తూకానికి కొనేవారికి కాదు. హైదరాబాదు జుమ్మేరాత్ బజారు వంటి చోట్ల తూకానికి పోయిన పతకాలు జంట తప్పి కనబడినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. పేరుంటుంది, నంబరుంటుంది, మిగతా పతకాలు మాత్రం ఏ ఊళ్లో ఉన్నాయో తెలియదు. విదేశీ కొనుగోలుదారు ఎవరైనా ఆన్‌లైన్‌లో అడిగితే ఒకటి గుర్తుంచుకోండి. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటిని సొంతంగా దేశం దాటించడం నేరం. మీవి ఇంకా ఆ వయసుకు రాలేదు కాని మొదటి యుద్ధపువి వచ్చేశాయి.

ఇక పటాలం తెలుసుకునే దారి. అంచు మీద నంబరు, దళం దొరికాక ఆ దళపు రికార్డు ఆఫీసుకు స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయాలి. మద్రాసు సాపర్స్, పయనీర్ కోర్ రికార్డులు బెంగళూరులో ఉంటాయి, దక్షిణాది సర్వీస్ కోర్‌వి కూడా అక్కడే. మద్రాసు రెజిమెంటువి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, వైద్య విభాగానివి లక్నోలో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో, శతఘ్ని దళానివి నాసిక్‌లో, ఆర్డ్‌నెన్స్, వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ రికార్డులు సికింద్రాబాద్‌లో ఉంటాయి. ఉత్తరంలో కథ రాయకండి. నంబరు, హోదా, అంచు మీద ఉన్నది ఉన్నట్టుగా పేరు, ఇంట్లో పిలిచే పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా, అప్పటి జిల్లా, ఉమ్మడి మద్రాసు రాష్ట్రం అని రాయండి. ఇప్పటి జిల్లా పేరు ఒక్కటే రాస్తే పాత రిజిస్టరులో అది ఉండదు. మీరు మనవడని చూపే కాగితం నకలు, అంచు ఫోటోలు జతచేయండి. అడగవలసింది చేరిన తేదీ, విడుదలైన తేదీ, పనిచేసిన యూనిట్లు, అర్హమైన పతకాల జాబితా. ఆ జాబితాలో ఆరోది ఉండి పెట్టెలో లేకపోతే మీ పినతండ్రుల ఇళ్లలో వెతకాలన్నమాట. 1947 తర్వాత కశ్మీర్ వెళ్లినవారికైతే జమ్మూ కశ్మీర్ అన్న పట్టీతో జనరల్ సర్వీస్ మెడల్ ఉండాలి.

జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు, మొదటి ఉత్తరానికి రాకపోతే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా మళ్లీ పంపించండి. ఈలోగా బామ్మగారి పేరున కుటుంబ పెన్షన్ ఏదైనా వచ్చేదేమో కనుక్కోండి. పాత పెన్షన్ పుస్తకం, డిశ్చార్జి సర్టిఫికెట్, మనియార్డరు రసీదు, ఏది దొరికినా దాని మీద నంబరు ఉంటుంది. అంచు ఫోటోలు తీశాక ఇక్కడే పెట్టండి, ముందుగా సింహం ఉన్నదీ, చక్రం ఉన్నదీ. ఒక అక్షరం చెరిగినా పక్క అక్షరాలతో కలిపి చదివి చెబుతాను.